మాట తడబడే చోట

కొందరికి థెరపీ మేలు చేస్తుంది, కొందరికి ఏళ్లు గడిచినా చేయదు. ఎందుకు? షికాగో విశ్వవిద్యాలయంలో మనస్తత్వవేత్త కార్ల్ రోజర్స్‌తో పనిచేసిన యూజీన్ జెండ్లిన్‌ను పట్టుకున్న ప్రశ్న ఇది. ఆయన 1926లో వియన్నాలో పుట్టి, నాజీల నుంచి తప్పించుకుని అమెరికా చేరిన కుటుంబంలోని వ్యక్తి, చదివింది తత్వశాస్త్రం. సెషన్ల టేపులు వినగా వినగా ఆయన బృందానికి తేలిందేమిటంటే, తేడా థెరపిస్టు పద్ధతిలో కన్నా వచ్చినవాళ్లు మాట్లాడే తీరులో ఉంది. గడగడా చెప్పుకుపోయినవాళ్లకు కాదు, మధ్యలో ఆగి, తడుముకుని, అన్న మాటను వెనక్కి తీసుకున్నవాళ్లకే ఎక్కువ మేలు జరిగింది.

ఆ తడబాటునే నేర్చుకోదగ్గ విద్యగా మలిచి 1978లో ఆయన 'ఫోకసింగ్' అనే పుస్తకం రాశారు. అందులో ఆరు మెట్లున్నాయి. మనసులో కాస్త చోటు చేసుకోవడం, ఒక సమస్య ఒంట్లో ఎక్కడ, ఎలా తెలుస్తోందో గమనించడం మొదటి రెండు. అసలు పనితనం మూడు, నాలుగు మెట్లలో ఉంది: అలా తెలిసినదానికి ఒక మాట వెతకడం, ఆ మాట అతుకుతుందో లేదో చూడడం.

అమ్మ ఫోన్ పెట్టేశాక గుండెల్లో బరువుగా ఉందనుకోండి. 'కోపం' అంటాం. ఆ మాటను బరువు దగ్గరికి తీసుకెళ్లి సరిపోతుందా అని చూడాలి. సరిపోదు. 'భయమా?' కొంచెం దగ్గరగా ఉంది, కానీ అదీ కాదు. 'నన్ను లెక్కలోకి తీసుకోలేదు' అనగానే ఊపిరి వదులవుతుంది. తంబురాకు శ్రుతి కలిపేవాళ్లు పూసను రవ్వంత జరిపి వింటారు చూడండి, అంత ఓపిక కావాలి దీనికి. నాకు అబ్బురంగా తోచేది తీర్పరి ఎవరన్నదే: పుస్తకమూ కాదు, థెరపిస్టూ కాదు, ఆ వదులైన ఊపిరి.

అందుకే సెషన్‌లో 'ఒక్క నిమిషం ఆగండి' అనడం, థెరపిస్టు చెప్పింది అతకకపోతే 'అది కాదండీ' అనడం అమర్యాద కాదు. పెద్దల ముందు తలూపడం నేర్చిన మనకు అది కష్టమే. కానీ మొహమాటానికి ఒప్పుకున్న మాట ఆ గంటను మింగేస్తుంది.

అయిదో మెట్టు, ఆ బరువులో ఏముందని దాన్నే అడగడం. జవాబుకు మనం తొందరపడకూడదు. ఆరోది, వచ్చినదాన్ని కాసేపు ఉండనివ్వడం. జనం ఎక్కువగా దాటేసేది దీన్నేనని నా అనుమానం. ఏదో తెలిసీ తెలియగానే మరో సంగతికి దూకేస్తాం.

జెండ్లిన్ దీన్ని థెరపిస్టు గదికే కట్టిపడేయలేదు. ఇద్దరు స్నేహితులు సమయాన్ని పంచుకుని, ఒకరు చేస్తుంటే మరొకరు సలహా ఇవ్వకుండా వినవచ్చన్నారు. జబ్బుకు ఇది వైద్యం కాదు. కానీ ఇందులో ఒక గొప్ప ఔదార్యం ఉంది: వినేవారికి సంగతేమిటో చెప్పకుండానే, లోపలి బరువు ఎలా ఉందో మాత్రం చెబుతూ ఆరు మెట్లూ ఎక్కవచ్చు.