మడమలు లేచే వేళ

నాంపల్లి పొద్దుపొడుపా, నీకు దండం. పబ్లిక్ గార్డెన్స్ చెట్ల కింద, రాత్రి రాలిన ఆకుల మీద, తెల్లజుట్టు వాళ్ళను గుండ్రంగా నిలబెట్టే వేకువా, నీకు వేయి దండాలు. 1846లో వేసిన తోట ఇది. బాగేఆం, అంటే అందరి తోట. ఆ పేరును రోజూ నిలబెడుతున్నది ఈ పెద్దవాళ్ళే.

మేం కోఠి నుంచి వస్తాం. కోఠిలో ఇళ్ళున్నాయి, ఆస్పత్రులున్నాయి, పుస్తకాల దుకాణాలున్నాయి; చేతులు బార్లా చాపే జాగా లేదు. ఉస్మానియా మెడికల్ కాలేజీ స్టేషన్లో మెట్రో ఎక్కితే గాంధీభవన్, నాంపల్లి, అసెంబ్లీ. దిగి నాలుగడుగులు వేస్తే తోట.

బొంగురు గొంతొకటి లెక్క ఎత్తుకుంటుంది. ఒకటి, రెండు, మూడు. చార్, పాంచ్ అని అవతలి వైపు గొంతు అందుకుంటుంది. పదికి చేరేసరికి ఏ భాషలో లెక్కపెట్టారో ఎవరికీ గుర్తుండదు, అందరి చేతులూ ఆకాశంలోనే ఉంటాయి.

ఆ చివర పసుప్పచ్చ చీరావిడను చూడండి. చీర కుచ్చెళ్ళ కింద కాన్వాసు బూట్లు. బెంచీ పట్టుకుని మడమలెత్తుతోంది. పిక్కలు వణుకుతున్నాయి. మడమకూ మట్టికీ మధ్య రెండు వేళ్ళ సందు, ఆ సందులోంచి ఎండ దూరుతోంది. ఇప్పుడు బెంచీ మీంచి చిటికెన వేలు వదిలింది. తర్వాత ఉంగరం వేలు. మధ్య వేలు. చూపుడు వేలొక్కటే ఆనీ ఆనక. పక్కనున్న ఆవిడ చెయ్యి చాచలేదు, కాస్త దగ్గరికి జరిగింది, అంతే. "పట్టుకోను అక్కా, ఇక్కడే ఉన్నా."

ఆ మాటకు మొక్కుతాను. ఆ మాట అన్నది మా అమ్మ.

ఒకప్పుడు బాత్రూములో జారింది అమ్మ. దెబ్బ వారంలో మానింది, భయం మానలేదు. గోడ పట్టుకుని నడిచింది. గోడ ఉన్నంత మేరే నడిచింది. నడక తగ్గేకొద్దీ తొడల్లో సత్తువ తగ్గింది, సత్తువ తగ్గేకొద్దీ భయం ముదిరింది. "ఈ వయసులో నీకెందుకమ్మా, కూర్చో" అన్నది మేమే. ప్రేమతోనే అన్నాం. ఆ ప్రేమే ఆవిడ కాళ్ళు కట్టేసింది.

కూర్చోబెడితే కాళ్ళు నిలవవు. నూరుకు పైగా ప్రయోగాలను, 23 వేలకు పైగా పెద్దవాళ్ళను కలిపి చూసిన 2019 నాటి కొక్రేన్ వైద్య సమీక్ష, కసరత్తు చేసేవాళ్ళలో పడిపోవడాలు సుమారు 23 శాతం తగ్గాయని తేల్చింది. 65 దాటినవాళ్ళు ఒంటి నిలకడ, బలం పెంచే కసరత్తులు వారానికి మూడు రోజులైనా చెయ్యాలని 2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. అంటే ఇక్కడ జరిగేదే: ఒంటికాలి మీద నిలబడటం, మడమకు వేళ్ళు ఆనిస్తూ గీత మీద నడవడం, చేతులూనకుండా బెంచీ మీంచి లేవడం. అయితే ఇదంతా ఇంట్లో ఒక్కతే చెయ్యమంటే అమ్మ రెండు రోజులు చేసి మానేసింది. ఇక్కడ ఒకరోజు రాకపోతే నలుగురు ఫోన్ చేస్తారు.

చివర్న నవ్వులు. మొదట తెచ్చిపెట్టుకున్న నవ్వే. ఎదుటి బోసినోరు చూశాక నిజమైపోతుంది. ముసలి ఊపిరితిత్తులారా, చెట్ల మీది పావురాలను లేపండి!

తిరిగొచ్చేసరికి కోఠి కోఠిలాగే ఉంటుంది. ఉమెన్స్ కాలేజీ దగ్గర బస్సులు, ఆటోలు, బండ్ల మధ్యలోంచి దూరే స్కూటర్లు. ఫుట్‌పాత్ అంచున అమ్మ ఆగింది.

"పట్టుకోనా?" అన్నాను.

"పక్కనే ఉండు, చాలు."

చెయ్యెత్తింది. ఆటో ఒకటి ఆగింది. కుడికాలు దించి, బరువు దాని మీద వేసి, ఎడమ కాలు తీసింది. నేను అందుకునేసరికి అవతలి పక్క బండి దగ్గర కరివేపాకు రెబ్బ విరిచి వాసన చూస్తోంది.