‘సైరా నరసింహారెడ్డి’ చిత్రము – రేనాటి ప్రేక్షకుని తీర్పు

చారిత్రక చలనచిత్రమును గూర్చి తీర్పు చెప్పుటకు ప్రేక్షకలోకమున రెండు కొలమానములు వాడుకలో నున్నవి. చరిత్రకు సరిపోయినదా యని కొందరు చూతురు. వీరరసము పొంగినదా యని మరికొందరు చూతురు. 2019 అక్టోబరు 2వ తేదీన విడుదలైన ‘సైరా నరసింహారెడ్డి’ చిత్రము ఈ రెండు పక్షములకును వాదభూమి యైనది. సురేందర్ రెడ్డి దర్శకత్వమున చిరంజీవి నాయకుడుగా వెలసిన ఈ చిత్రమును తెలుగునాట జనులు ఆదరించిరి. హిందీ మున్నగు భాషలందు అంతటి ఆదరము లభింపలేదు. అయితే రేనాటి ప్రేక్షకునకు ఈ కథ వెండితెర నేర్పినది కాదు. అతని తాతలు దానిని జానపద గాయకుల నోట విన్నవారు. చిత్రమునకు పేరైన ‘సైరా’ యను మాటయు ఆ పాటలోనిదే. కావున అతని చేతిలో మూడవ కొలమాన మొకటి గలదు. దానిని పరిశీలించుటయే ఈ వ్యాసోద్దేశము.

ముందుగా చరిత్రాంశములను స్మరింతము. 1800లో నిజాము దత్తమండలములను కంపెనీవారికి ఒప్పగించెను. మన్రో పాలెగాండ్ర అధికారము నణచి కొందరికి భరణము లేర్పరచెను. ఉయ్యాలవాడ నరసింహారెడ్డి వంతునకు వచ్చుచుండిన భరణము నెలకు 11 రూపాయల 10 అణాల 8 పైసలు. గ్రామరక్షణ చేయు కట్టుబడుల మాన్యములను కంపెనీవారు లాగికొనుటచే వారును ఆయనతో చేరిరి. 1846 జూలైలో కోయిలకుంట్ల ఖజానాపై దాడి జరిగినది. అక్టోబరు 6న పేరుసోముల ప్రాంతమున ఆయన పట్టువడెను. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో, కడప కలెక్టరు కాక్రేన్ సమక్షమున, ఉరితీయబడెను. ఆయన శిరస్సును 1877 వరకు అందరు చూచునట్లు వ్రేలాడదీసి యుంచిరి.

చిత్రకర్తలు భరణపు కథకు ప్రాధాన్య మీయలేదు. నాయకుని పోరాటమునకు సొంత ఫిర్యాదు మూలమని చెప్పినచో గౌరవము తగ్గునని వారు భావించి యుందురు. ఇది అనవసరమైన భయము. పదునొకండు రూపాయల చిల్లర కొరకు పోయినవానికి జరిగిన అవమానము, మాన్యము పోయిన కట్టుబడి ఆకలితో కలిసినపుడే అది తిరుగుబాటైనది. సొంత బాధనుండి పరుల బాధకు నడచిన ఆ దారియే నాయకుని ఔన్నత్యము. దానిని తొలగించినచో ఆయన పుట్టుకతోనే వీరుడగును. ఎదుగుట కవకాశ ముండదు.

చిత్రము ఝాన్సీ లక్ష్మీబాయి నోట కథ చెప్పించి, 1857కు ముందే పోరాడిన ప్రథముడుగా నాయకుని నిలుపుచున్నది. 1799లోనే ఉరికంబ మెక్కిన కట్టబొమ్మనను తలచినచో ఈ ప్రథమత్వము నిలువదు. నిలువకున్నను నష్టము లేదు. వీరుల వరుసలో మొదటి వాడగుట కంటె తన నేలకు తగినవాడగుట మేలు.

ఇక గుప్తసమరము మాట. తెలుగు ప్రేక్షకునకు గూఢచారి యనగానే 1966 నాటి ‘గూఢచారి 116’ చిత్రమునందలి పిస్తోలు, వేషము జ్ఞప్తికి వచ్చును. రేనాటి వేగు వేరు. కంపెనీ ప్రభుత్వము వేగులవారి కన్నులతోనే చూచెడిది. 1839లో కర్నూలు నవాబు గులాం రసూల్ ఖాన్ రహస్యముగా ఆయుధములు చేర్చుచున్నాడను సమాచారము పైననే సైన్యము కదలి కర్నూలును వశపరచుకొన్నది. నల్లమల, ఎర్రమల కొండలలో దాగిన నరసింహారెడ్డిని దొరికించినదియు సమాచారమే. ఇట్టిచోట అన్నము పెట్టిన ఇల్లాలును, చూచియు చూడలేదన్న గొల్లవాడును సైనికులే. ఆ మౌనమే వారి యుద్ధము.

చిత్రమున ద్రోహము గలదు. నమ్మినవారే పట్టియిచ్చుటయు గలదు. కాని ఆ మౌనము చాలినంత కనబడదు. దాని స్థానమున జార్జియా దేశమున చిత్రించిన విశాల రణరంగములు వచ్చినవి. రత్నవేలు ఛాయాగ్రహణము కన్నులపండువే. అయినను ఆ మైదానమున రేగడి నేలయు, బండరాళ్ల గుట్టయు లేవు. పాత్రల నోట సీమ పలుకుబడియు అరుదు. రేనాటివాడు తన ఊరి పేరు విని పొంగి, తన ఊరిని కానక చిన్నబోవును.

పాట మాత్రము అతిశయోక్తులు చెప్పదా యని ప్రశ్నింపవచ్చును. చెప్పును. జానపద వీరగాథకు అతిశయోక్తి ప్రాణము. కాని ఎంత పెంచినను పాట నేలను విడువదు. ఊళ్ల పేర్లు, వాగుల పేర్లు, తోడు నిలిచిన వడ్డె ఓబన్న వంటివారి పేర్లు దానికి పునాదిరాళ్లు. ఈ రహస్యము చిత్రకర్తలకు తెలియనిది కాదు. నర్తకి లక్ష్మి తన కళతో జనులను మేల్కొల్పుట చిత్రమునందలి మిక్కిలి సార్థకమైన కల్పన. అచ్చట చిత్రము తన తల్లియైన పాటను గుర్తించినది.

కావున మూడవ కొలమాన మిది: కల్పన ఎంతయైనను కావచ్చును, కాని కథ జరిగిన నేలయు, కథను దాచిన జనులును అందుండవలెను. ఈ తూనికలో చిత్రము నాయకుని విషయమున నెగ్గినది; జనుల విషయమున కొరవడినది. ముప్పది యేండ్లు శిరస్సును చూపి భయపెట్టినను రేనాటివారు పాట మానలేదు. వారి ఆ ధైర్యమును చూపు చిత్రము ఇంకను రావలసియున్నది.