వదులు తీగల చొరవ

హవాయి స్లాక్ కీ గిటార్‌లో పాటను మార్చి వాయించడం ఆరితేరినవాళ్లకే చెల్లుతుందనుకుంటారు. కానీ ఆ విద్య మొదటి మెట్టులోనే మార్పుకి చోటిచ్చింది. ‘టారో ప్యాచ్’ శ్రుతిలో ఒకటి, అయిదు, ఆరు తీగల్ని రెండేసి ఫ్రెట్ల మేర దించుతారు. ఇక ఎక్కడా నొక్కకుండా మీటినా జి మేజర్ పలుకుతుంది. బొటనవేలు మంద్రాన్ని నిలకడగా నడుపుతుంటే మిగతా వేళ్లకు వెసులుబాటు దొరుకుతుంది. రెండోసారి వాయించేటప్పుడు ఒక్క స్వరాన్ని మీటకుండా, మోగుతున్న తీగ మీద వేలు తట్టి పలికించినా అది మార్పే.

ముందు అసలు పాట రావాలి కదా అనే అభ్యంతరం సబబే. వరస పట్టుబడనివాళ్ల మార్పు తడబాటే అవుతుంది. అయితే స్లాక్ కీ గిటార్ కళాకారుడు గాబీ పహినుయి ‘హిఇలావే’ పాటని 1940లలో, మళ్లీ 1970లలో రికార్డు చేశారు, రెండూ ఒకేలా ఉండవు. వరసనూ లయనూ పట్టుకుని ఒక్కో ఆవృత్తికి ఒక్కో చిన్న మార్పు చేసే కొత్తవాళ్లు సంప్రదాయాన్ని చెరపడం లేదు, దాన్నే నేర్చుకుంటున్నారు.