ఒక్క అక్షరంగా మిగిలిన ఇంటిపేరు

సూరత్‌లో మేముండే లింబాయత్‌లో, మా వీధి చివరి ఇంట్లో ఒక పద్మశాలి కుటుంబం ఉంది. తాత సిరిసిల్ల నుంచి మగ్గం పని కోసం వచ్చాడు. తండ్రి ఇప్పటికీ పవర్‌లూమ్ నడుపుతాడు. కూతురు పీహెచ్‌డీ చేస్తోంది. పాండేసరా డైయింగ్ మిల్లుల నుంచి వచ్చే నీళ్లలో ఫాస్ఫేట్ ఎంత ఉందో కొలవడం ఆ అమ్మాయి పని. నేను కాలేజీ లైబ్రరీలో చాలాకాలం పనిచేశానని తెలుసు కాబట్టి, జర్నల్‌కు పంపబోయే పేపర్ చివరి రిఫరెన్సులు ఒకసారి చూసిపెట్టమని కిందటి ఆదివారం ల్యాప్‌టాప్ తీసుకుని వచ్చింది. మొత్తం 42 ఉన్నాయి. ఏడో దాని దగ్గర ఆగిపోయాం.

అక్కడ ఆమె టైపు చేసిన పేరు: యల్లాప్రగడ ఎస్.

జర్నల్ వాళ్లు అడిగింది వాంకోవర్ పద్ధతి. దాని ప్రకారం ఆ వరుస ఇలా ఉండాలి: ఫిస్క్ సీహెచ్, సుబ్బారో వై. ఆ తర్వాత పేపర్ పేరు, జర్నల్ పొట్టిపేరు, 1925, సెమికోలన్, సంపుటి 66, కోలన్, పేజీలు 375 నుంచి 400. నేను దిద్దబోతుంటే కీబోర్డు మీద చెయ్యి అడ్డం పెట్టింది.

"ఇంటిపేరే గద సార్ ముందు రావాలె? యల్లాప్రగడ ఆయన ఇంటిపేరు. సుబ్బారావు ఆయన పేరు. వీళ్లు తిరగేసిన్రు."

ఆ పిల్ల చెప్పింది నిజం. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు హార్వర్డ్ మెడికల్ స్కూల్లో సైరస్ ఫిస్క్ దగ్గర పనిచేస్తూ, ఫాస్ఫరస్‌ను నీలిరంగు చిక్కదనాన్ని బట్టి కొలిచే పద్ధతిని తయారుచేశారు. అది జర్నల్ ఆఫ్ బయలాజికల్ కెమిస్ట్రీలో అచ్చయింది. పేరులో చివరి మాటే ఇంటిపేరనుకునే దేశం అమెరికా. అందుకని తల్లిదండ్రులు పెట్టిన పేరు ఇంటిపేరైంది, ఇంటిపేరేమో ఒక్క 'వై'గా మిగిలింది. నూరేళ్లుగా వేల పేపర్ల చివర ఆయన అలాగే ఉన్నారు. కల్యంపూడి రాధాకృష్ణారావుగారి సంగతీ అంతే. 1945లో కలకత్తా మేథమెటికల్ సొసైటీ బులెటిన్‌లో వచ్చిన ఆయన పేపర్‌ను గణాంకశాస్త్రం చదివినవాళ్లందరూ 'రావు సీఆర్' అనే రాస్తారు. కల్యంపూడి అనే ఇంటిపేరు అందులో 'సీ' అయిపోయింది. పేరు చివరి గౌరవపదం ఇంటిపేరు స్థానంలోకి వచ్చి కూర్చుంది.

ఇంత తెలిసీ ఆమె రాసింది కొట్టేసి 'సుబ్బారో వై' అనే పెట్టాను. మనసుకు కష్టంగానే అనిపించింది. కానీ రిఫరెన్స్ అంటే చిరునామా. చదివేవాడు దాన్ని పట్టుకుని 1925 నాటి ఆ పేజీ దగ్గరికి చేరాలి. అక్కడ పేరు ఎలా అచ్చయిందో ఇక్కడా అలాగే ఉండాలి. ఇప్పుడు మనం ప్రేమతో సవరిస్తే వెతికేవాడికి ఆయన దొరకకుండా పోతాడు. ఆయన పేరు అసలు క్రమంలో ఉండాలనుకుంటే దానికి పేపర్ లోపల చోటుంది, ఒక వాక్యంలో పూర్తిగా రాసుకోవచ్చు. ఆ మాటే చెప్పాను. రాసింది కూడా.

ఈ పద్ధతులన్నీ ఎక్కడివని అడిగింది. 1978లో కొందరు వైద్య పత్రికల సంపాదకులు కెనడాలోని వాంకోవర్‌లో కూర్చుని, రచయితలు ఒక్కో పత్రికకు ఒక్కో తీరున పేపర్ మళ్లీ టైపు చేయించుకునే బాధ తప్పాలని ఒక ఒప్పందానికి వచ్చారు. మరుసటి ఏడు అది అచ్చయింది. పేరూ సంవత్సరమూ బ్రాకెట్లో పెట్టే హార్వర్డ్ పద్ధతి అంతకంటే చాలా పాతది. 1881లో ఎడ్వర్డ్ మార్క్ అనే జంతుశాస్త్రజ్ఞుడు మొదలుపెట్టాడంటారు. ఏ పద్ధతైనా నాకు ఒకటే. కామా ఎక్కడ, కోలన్ ఎక్కడ అన్నది జోటెరో లాంటి సాఫ్ట్‌వేర్ క్షణంలో మార్చేస్తుంది. లోపల ఉన్న అంకె తప్పైతే మాత్రం ఆ తప్పును కూడా అంతే అందంగా సర్దిపెడుతుంది.

"ఈ 1925 పేపర్ చూసినవామ్మా?" అని అడిగాను. తల అడ్డంగా ఊపింది. సీనియర్ థీసిస్‌లోంచి తీసుకుందట. అందులో సంపుటి 60 అని ఉంది.

నేను ఆమెను ఏమీ అనలేదు. లైబ్రరీలో చేరిన కొత్తలో ఒక ప్రొఫెసర్ కోసం గ్రంథసూచి తయారుచేస్తూ నేనూ ఇదే పని చేశాను. వేరే జాబితా చూసి ఒక పేజీ అంకె ఎత్తి రాశాను. రెండేళ్లకు వేరే ఊరి విద్యార్థి ఒకరు పోస్టుకార్డు రాశారు, మీరు చెప్పిన 121వ పేజీలో వేరే విషయం ఉందని. అది 211. ఆ సంపుటి తెప్పించుకోవడానికి ఆ పిల్లవాడు ఎన్నాళ్లు ఎదురుచూశాడో. ఆ కార్డు ఇప్పటికీ నా దగ్గరుంది.

2003లో సిమ్‌కిన్, రాయ్‌చౌదురి అనే ఇద్దరు పరిశోధకులు, రిఫరెన్సుల్లో ఒకే అచ్చుతప్పు ఎన్నిసార్లు మళ్లీ మళ్లీ వస్తోందో లెక్కగట్టారు. దాన్నిబట్టి, ఉదహరించేవాళ్లలో అసలు పేపర్ చదివేది 20 శాతం వరకే ఉంటారని అంచనా వేశారు. ఇంకో సంగతి మరీ బాధగా ఉంటుంది. ఒక పెద్ద ప్రచురణసంస్థ, రచయితలకిచ్చే సూచనల్లో నమూనా కోసం వాన్ డెర్ గీర్ అనే పేరుతో లేని పేపర్ ఒకటి కల్పించి చూపించింది. ఆ లేని పేపర్‌ను దాదాపు 400 పేపర్లు నిజమైనదిగా ఉదహరించాయని 2017లో బయటపడింది. ఇప్పుడు ఏఐని అడిగితే ఒక్కోసారి రచయితలతో, పేజీలతో సహా లేని పేపర్లు పుట్టించి ఇస్తోంది. వరుస తీరుగా ఉంటే చాలు, మన కన్ను నమ్మేస్తుంది. అందుకే నేను పట్టుబట్టేది ఒక్కటే. ప్రతి రిఫరెన్సునూ తెరవాలి. మొదటి పేజీ అయినా కళ్లతో చూడాలి.

1925 సంపుటి ఆ జర్నల్ సైట్‌లో ఉచితంగానే దొరుకుతుంది. తెరిచాం. పసుపుపచ్చ కాగితం, పాతకాలపు అచ్చు, ఫిస్క్ పేరు పక్కన మన భీమవరం మనిషి పేరు. ఆ అమ్మాయి తెర దగ్గరికి జరిగి చాలాసేపు చూసింది. తర్వాత 60ని తనే 66 చేసింది. మిగిలిన 35 కూడా అలాగే ఒక్కొక్కటీ తెరిచాం. పొద్దుగూకింది.

కూతురు ఇంకా రాలేదని తండ్రి వెతుక్కుంటూ వచ్చాడు. మేం చేస్తున్నదేమిటో చెప్పాను. ఆయనకు వివరించాల్సిన పని పడలేదు.

"గుడ్డ తాకా మీద నంబరు రాయకుంటే, మిల్లుల తప్పు దొరికినంక ఏ మగ్గం కాడికి పోవాలె సారూ?" అన్నాడు.

చివరికి మిగిలింది ఆమె పేరు. గుజరాత్ బడి రిజిస్టర్లలో ముందు ఇంటిపేరు, తర్వాత సొంతపేరు, ఆ వెనక తండ్రిపేరు రాసేవారు. మామూలుగా పిలిచేటప్పుడు సొంతపేరు, తండ్రిపేరు, చివరన ఇంటిపేరు. ఈ ఊరి మహాకవి నర్మద్ పూర్తిపేరు నర్మదాశంకర్ లాల్‌శంకర్ దవే అయింది అలాగే. ఈ పిల్ల సర్టిఫికెట్‌లో తండ్రిపేరు చివర ఉంది. మొదటి కాన్ఫరెన్స్ పేపర్‌కు ఫారంలో 'లాస్ట్ నేమ్' అని అడిగితే ఆఖరి మాటే ఇచ్చింది. ఇప్పుడు ఆమె ఆ లోకంలో వాళ్ల నాన్న పేరుతో చలామణీ అవుతోంది, తన పేరు ఒక పొడి అక్షరమైంది. ఇప్పుడే సరిచేసుకోకపోతే రేపు ఆమె పేపర్లు రెండు వేర్వేరు మనుషులవిగా చీలిపోతాయి.

అందుకని ముందు ఆర్కిడ్ ఐడీ తీసుకోమన్నాను. 2012 నుంచి పరిశోధకులకు ఇస్తున్న 16 అంకెల గుర్తింపు అది. పేరు ఎన్ని తీర్ల అచ్చయినా అంకెలు మారవు. ఆ ఫారంలో సొంతపేరు గడిలో తన పేరు కొట్టింది. ఇంటిపేరు గడి దగ్గర వేళ్లు ఆగాయి.

"బాపూ, మన ఇంటిపేర్ల ఎల్ ఒకటా, రెండా?"

ఆయన చొక్కా జేబులోంచి ఆధార్ కార్డు తీసి, లైటు కిందికి పట్టుకుని, ఒక్కొక్క అక్షరం చదవడం మొదలుపెట్టాడు.