బొమ్మ మీద వెలుగు ఎవరి పక్షం?

ఫోటో ప్రదర్శనల మీద మన పత్రికల్లో అడపాదడపా సమీక్షలు వస్తున్నాయి. సమీక్షకులు బొమ్మల్లోని వస్తువు గురించి రాస్తారు. ఫోటోగ్రాఫర్ దృక్పథం గురించి రాస్తారు. ఆ బొమ్మను ఏ గోడ మీద, ఎంత ఎత్తులో, ఏ దీపం కింద పెట్టారన్నది మాత్రం రాయరు. అది వడ్రంగి పని, కరెంటు పనివాడి పని అని మనలో చాలామంది అభిప్రాయం. ఈ అభిప్రాయం సరైంది కాదని చెప్పడమే ఈ వ్యాసంలో నా ఉద్దేశం. కథకు కథకుని గొంతు ఎంత ముఖ్యమో ప్రదర్శనకు వెలుగు అంత ముఖ్యం. ఒకే సంఘటనను జాలిగా చెప్పవచ్చు, కోపంగా చెప్పవచ్చు, ముచ్చటగానూ చెప్పవచ్చు. ఒకే ఫోటోను వెలుగు కూడా ఈ మూడు రకాలుగా చెప్పగలదు.

దీనికి చరిత్ర ఉంది. 1905లో ఆల్‌ఫ్రెడ్ స్టీగ్లిట్జ్ న్యూయార్క్ ఫిఫ్త్ అవెన్యూలో 291వ నంబరు ఇంట్లో ఒక చిన్న గ్యాలరీ తెరిచాడు. అంతకుముందు శతాబ్దపు పెద్ద ప్రదర్శనల్లో పటాలను గోడ కనపడకుండా కప్పుదాకా తగిలించడం అలవాటు. స్టీగ్లిట్జ్, ఆయన సహచరుడు ఎడ్వర్డ్ స్టైకెన్ ఆ పద్ధతిని వదిలేశారు. గోడలకు మందకొడి రంగు గుడ్డ కట్టారు. వెలుగును మెత్తబరిచారు. బొమ్మకూ బొమ్మకూ మధ్య ఖాళీ వదిలారు. ఫోటో యంత్రం చేసే పని మాత్రమే కాదు, అది కూడా కళేనని వాళ్లు వాదిస్తున్న కాలం అది. వాళ్లు రాసిన వ్యాసాలతో పాటు ఆ గది కూడా ఆ వాదన చేసింది. ఒక్కొక్క బొమ్మ ముందు ఆగి, నెమ్మదిగా చూడమని చెప్పింది. దానివల్ల ఫోటోకు గౌరవం దక్కింది. అదే సమయంలో ఫోటో కొద్దిమంది రసజ్ఞుల నిశ్శబ్దపు గదిలోకి కూడా వెళ్లింది. ఈ రెండు ఫలితాలనూ కలిపి చూడకపోతే మన అంచనా ఏకపక్షం అవుతుంది.

ఆ స్టైకెనే యాభై ఏళ్ల తర్వాత ఇందుకు పూర్తిగా భిన్నమైన ప్రదర్శన పెట్టాడు. 1955 జనవరిలో న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియంలో మొదలైన ‘ద ఫ్యామిలీ ఆఫ్ మాన్’ అది. 68 దేశాల నుంచి 273 మంది తీసిన 503 ఫోటోలు అందులో ఉన్నాయి. అమరిక రూపొందించింది వాస్తుశిల్పి పాల్ రుడాల్ఫ్. బొమ్మల్ని వేర్వేరు సైజుల్లో, కొన్నింటిని గోడంత పెద్దవి చేసి, జనం వాటి మధ్య నుంచి నడిచేలా పెట్టారు. తర్వాత ఆ ప్రదర్శన అమెరికా ప్రభుత్వ ప్రచార విభాగం ద్వారా ఎన్నో దేశాలు తిరిగింది. మన దేశానికీ వచ్చింది. పారిస్‌లో దాన్ని చూసిన రోలాఁ బార్త్ తీవ్రంగా విమర్శించాడు. ఆ విమర్శ 1957లో వచ్చిన ఆయన ‘మితాలజీస్’ పుస్తకంలో ఉంది. పుట్టడం, పనిచేయడం, చావడం అన్నిచోట్లా ఒకటేనని చూపిస్తే చరిత్ర మాయమవుతుందని ఆయన ఆక్షేపణ. పుట్టిన బిడ్డ బతుకుతుందా, చేసిన పనికి లాభం ఎవరికి పోతుంది అనే ప్రశ్నలకు ఆ గోడల మీద చోటు లేదు.

బార్త్ విమర్శతో నేను ఏకీభవిస్తాను. కానీ ఆ ప్రదర్శనలో ఒక బొమ్మ గురించి వేరే చెప్పుకోవాలి. హైడ్రోజన్ బాంబు పేలుడు ఫోటోను రంగుల్లో, పెద్ద సైజులో, వెనక నుంచి దీపాలు వేసి వెలిగించారు. చుట్టూ ఉన్నవి నలుపు తెలుపు బొమ్మలు. వాటి మీద వెలుగు బయటి నుంచి పడుతుంది. బాంబు మాత్రం తానే వెలిగి చూసేవాని ముఖం మీద పడుతుంది. ఇంతసేపూ పెళ్లిళ్లనూ పిల్లల ఆటలనూ చూసుకుంటూ వచ్చిన మనిషి అక్కడ ఆగక తప్పదు. ప్రదర్శన పుస్తకంగా వచ్చినప్పుడు ఆ బొమ్మను అందులో వేయలేదు. అంటే పుస్తకం చదివినవాళ్లకూ ప్రదర్శన చూసినవాళ్లకూ అందిన సారాంశం ఒకటి కాదు. వెలుగు అలంకారం మాత్రమే అనేవాళ్లు దీనికి సమాధానం చెప్పాలి.

మ్యూజియాన్ని వదిలి కళామేళాలోని స్టాలుకు వద్దాం. చాలామంది ఫోటోగ్రాఫర్లకు జనాన్ని కలుసుకునే చోటు అదే. అమెరికా వీధి మేళాల్లో పదడుగుల పొడవు, పదడుగుల వెడల్పు గుడారం దాదాపు ప్రమాణమైపోయింది. ఎంపికకు దరఖాస్తు పెట్టేటప్పుడు బొమ్మలతో పాటు స్టాలు ఫోటో కూడా పంపమని చాలా మేళాలు అడుగుతాయి. ఈ స్టాలులో వడ్రంగి, కరెంటు పనివాడు, దుకాణదారు, కళాకారుడు అందరూ ఒక్కరే. మ్యూజియంలో తప్పు జరిగితే నిర్వాహకుల మీదకు నెట్టవచ్చు. ఇక్కడ వెలుగుకు కళాకారుడే బాధ్యుడు.

స్టాలు సంత మధ్యలో ఉంటుంది కనుక వెలుగు కూడా సంత భాషే మాట్లాడుతుంది. చుట్టూ చీకటి చేసి, ఒక్కొక్క బొమ్మ మీద ఒక్కొక్క ఫోకస్ లైటు వేయడం ఇప్పుడు వాడుకైపోయింది. నగల దుకాణంలో హారాన్ని చూపించే పద్ధతి ఇదే. కొండనో పువ్వునో అలా చూపితే పెద్ద నష్టం లేదు. ఆకలిగొన్న మనిషిని అలా చూపితే?

2020 లాక్‌డౌన్‌లో సొంత ఊళ్లకు నడిచిపోయిన వలస కూలీల బొమ్మలను ఒక స్టాలులో చూశాను. బొమ్మలు నిజాయితీగా తీసినవి. పగిలిన పాదాల మీద పసుపుపచ్చని దీపం పడి పాత విగ్రహంలా మెరుస్తున్నాయి. ఆ మనిషి ఎక్కడి నుంచి ఎక్కడికి నడుస్తున్నాడో, ఏం పని చేసేవాడో కింద చిన్న కాగితం మీద రాశారు. ఆ కాగితం చీకట్లో ఉంది. నా పక్కనున్న ఇద్దరు ‘ఎంత బాగా వచ్చిందో!’ అన్నారు. ‘ఎవరీ మనిషి?’ అని అడగలేదు. తప్పు వాళ్లది కాదు. పాదాన్ని మెచ్చుకోమని, మనిషిని అడగవద్దని దీపమే చెప్పింది. కూలీని వర్ణించడానికి కావ్యభాష వాడి, అతని కూలి రేటు మరిచిపోయిన కథల్ని మనం ఎన్ని చదవలేదు?

దీనికి వ్యతిరేక దోషం మన వైపూ ఉంది. ‘మాకు వస్తువు ముఖ్యం, హంగులు అక్కర్లేదు’ అంటూ ఎర్ర పసుపు షామియానా కింద, ఒకే ట్యూబులైటు వెలుగులో బొమ్మలు వేలాడదీసే స్టాళ్లు చూస్తూనే ఉన్నాం. పగటిపూట ఆ గుడ్డ రంగు ప్రతి ముఖం మీదా దిగుతుంది. అద్దం కట్టిన పటంలో బొమ్మకు బదులు ట్యూబులైటు కనిపిస్తుంది. చూసేవాడు మెడ అటూ ఇటూ వంచి, విసిగి వెళ్లిపోతాడు. నినాదం ఒక్కటే మిగిలిన కవితకు పాఠకుడు దూరమైనట్టే ఇదీ. ఉద్దేశం మంచిదైనంత మాత్రాన బొమ్మ కనపడదు.

మరి ఏం చేయాలి? ఇందులో రహస్యాలేమీ లేవు. పగటి మేళాకు తెల్లని గుడారం మంచిది. అది ఎండను వడగట్టి రంగు మార్చకుండా లోపలికి పంపుతుంది. దీపాన్ని బొమ్మకు ఎదురుగా కాక, పై నుంచి నిలువుగీతకు సుమారు 30 డిగ్రీల కోణంలో వేస్తే అద్దం మీద పడిన మెరుపు కంటికి తగలకుండా నేలవైపు పోతుంది. దీపాన్ని రెండింతలు దూరం జరిపితే, చిన్న బల్బు విషయంలో, వెలుగు దాదాపు నాలుగో వంతుకు పడిపోతుంది. కాబట్టి దగ్గరగా ఒకటి పెట్టి మధ్యను మాత్రమే మండించే కంటే, కొంత దూరం నుంచి రెండు దీపాలతో అంచుల దాకా సమంగా పరచడం మేలు. రంగుల్ని ఎంత నిజంగా చూపుతుందో తెలిపే సూచిక, అంటే సిఆర్ఐ, 90కి తగ్గని ఎల్ఇడి బల్బు వాడాలి. అన్ని బల్బులూ ఒకే రంగు వెలుగువి కావాలి. బొమ్మ మధ్యభాగం నిలబడినవాని కంటి ఎత్తున ఉండాలి. అన్నిటికంటే ముఖ్యం, వివరం రాసిన కాగితం మీద కూడా బొమ్మ మీదంత వెలుగు పడాలి. ఈ చివరి నియమం కళామేళాల సలహాల్లో అరుదు. నా దృష్టిలో మొదటి నియమం అదే.

సునీల్ జానా 1943 బెంగాల్ కరువు ఫోటోలు ‘పీపుల్స్ వార్’ పత్రికలో వచ్చాయి. వాటికి ఫోకస్ లైటు లేదు. పాఠకుని ఇంట్లో ఉన్న వెలుగే వాటి వెలుగు. ఆ వెలుగు బొమ్మ మీదా, పక్కనున్న అక్షరం మీదా సమానంగా పడింది. స్టాలు ఆ సమానత్వాన్ని తిరిగి తెచ్చుకోగలదా అన్నదే నేటి సమస్య. అమ్ముకోకుండా ఫోటోగ్రాఫర్ బతకలేడు, నిజమే. కానీ అమ్మకానికి పెట్టేది బొమ్మను. అందులోని మనిషిని కాదు. ఈ తేడాను నిలబెట్టే మొదటి బాధ్యత దీపానిది.

కనుక రాబోయే సమీక్షల్లో మూడు ప్రశ్నలు చేర్చమని మిత్రులను కోరుతున్నాను. వెలుగు దేని మీద పడింది? దేన్ని చీకట్లో ఉంచింది? అలా ఉంచడం వల్ల ఎవరికి సుఖం?