చెవినీ ఓ మాట అడగండి

చీర కొనేటప్పుడు అంచు తిప్పి చూస్తాం, గుమ్మంలోకి తెచ్చి వెలుతురులో చూస్తాం, ఉతికితే రంగు నిలుస్తుందా అని నాలుగుసార్లు అడుగుతాం. హెడ్‌ఫోన్ దగ్గరికొచ్చేసరికి మాత్రం డబ్బా మీది బొమ్మ చూసి డబ్బులిచ్చేస్తాం! వాడేది చెవి. దాన్నొక్క మాటైనా అడగం.

ఖమ్మం బజారులోనైనా, భద్రాచలం గుడి దారిలోనైనా కొట్టువాడు వినిపించేది అదిరిపోయే పాటే. "చూడండమ్మా, బేస్ ఎలా కొడుతోందో!" అంటాడు. నా అభ్యంతరం అక్కడే. మోత వేరు, నాదం వేరు. మోత ఎక్కువైతే గొంతు దాని కింద నలిగిపోతుంది. డబ్బా మీద 20 నుంచి 20,000 హెర్ట్‌జ్ అని రాసుంటుంది. అది మనిషి చెవి వినగల మేర. అంత మేరా సమంగా పలుకుతుందని దానర్థం కాదు సుమా!

మరెలా చూడాలంటారా? మన దగ్గరే మూడు గీటురాళ్లున్నాయి. మొదటిది ఉషశ్రీగారి గొంతు. ఆయన 1990లో పోయినా, భద్రాద్రి కల్యాణ వ్యాఖ్యానమంటే పెద్దవాళ్లకి ఇప్పటికీ ఆయనే. ఆయన రామాయణం పెట్టి వినండి. ఒత్తులు, శ-ష-సలు విడివిడిగా తెలియాలి, 'స' చెవిలో గుచ్చుకోకూడదు. రెండోది బాలమురళిగారు పాడిన రామదాసు కీర్తన. గొంతు వెనక తంబూరా శ్రుతి తెగకుండా వినపడాలి. మూడోది కోయ డోలు. మణుగూరు ప్రాంతపు సకిని రామచంద్రయ్యగారికి 2022లో పద్మశ్రీ తెచ్చిన కళ అది. దెబ్బ పడాలి, ఆగాలి. బుడబుడమని సాగిందా, ఆ వస్తువు పక్కన పెట్టేయండి.

అయిదారు వందలు మించి పెట్టలేనప్పుడు తీగ ఉన్నదే మేలంటాను. తీగలేనిదానిలో మన డబ్బు బ్యాటరీకీ, బ్లూటూత్‌కీ కూడా పంచుకుపోతుంది. పైగా ఎఫ్.ఎం. ఉన్న చాలా ఫోన్లలో ఆ తీగే ఏరియల్. సిగ్నల్ దాగుడుమూతలాడే అడవి అంచున కొత్తగూడెం ఆకాశవాణి పెట్టుకోవాలంటే అదే ఆధారం. అయితే ఫోన్‌కి ఆ పిన్ను పట్టే రంధ్రం ఉందో లేదో ముందే చూసుకోండి. చెవిలో దూర్చే రకమైతే దాంతో ఇచ్చే రబ్బరు బుడిపెల్లో మీకు బిగువుగా అమరేది ఎంచుకోండి. వదులైతే ఎంత మంచిదైనా పలచగా పలుకుతుంది.

ఇంత రాద్ధాంతమెందుకంటే, మంచిదానికి సౌండు పెంచక్కర్లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కన పెద్దవాళ్లకి 80 డెసిబెల్స్ దగ్గర వారానికి 40 గంటలే హద్దు. లోపలి చెవిలో చెడిన కణాలు మళ్లీ మొలవవు.

ఇంకో మాట. హాల్లో రేడియో ఎవరి ఇష్టం చొప్పున పాడేదో నేను చెప్పాలా? పనంతా అయ్యాక అరగంటసేపు మనకి నచ్చింది మనం వినడం చిన్న సంగతేం కాదు. అందుకే దాన్ని నాసిరకం మోతకి ధారపోయొద్దంటాను.

సారపాక నుంచి గోదావరి వంతెన మీదుగా నడిచేటప్పుడు మాత్రం అది సంచిలోనే ఉండాలి. అక్కడ వినాల్సింది కీర్తన కాదమ్మా, లారీ హారను!