సర్వీసు - సాంస్కృతిక నేపథ్యం : ఔత్సాహిక టెన్నిస్‌పై ఒక వాదన, కోనసీమ నుంచి ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
వినోదం కోసం టెన్నిస్ ఆడే ఆసియావాసుల సర్వీసు బలహీనంగా ఉంటుందనీ, అందుకు వారి సాంస్కృతిక నేపథ్యమే కారణమనీ ఒక వాదన ప్రచారంలో ఉంది. 'సాంస్కృతిక నేపథ్యం' అనే భావన ఈ సందర్భంలో ఎంతవరకు నిలుస్తుందో కోనసీమ ఆటల ఆధారంగా ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: సర్వీసు, శరీర ప్రక్రియలు, షటిల్, బాల్ బ్యాడ్మింటన్, కోనసీమ, లింగభేదం.

1. ప్రవేశిక:

"మనవాళ్లకు సర్వీసు రాదండీ, అవి షటిల్ చేతులు కదా" అన్న మాట హైదరాబాదు క్లబ్బుల్లోనూ, అమెరికాలో అపార్టుమెంటు కోర్టులపై ముప్పై దాటాక టెన్నిస్ మొదలుపెట్టిన తెలుగువారి మధ్యనూ వినబడుతుంది. మాట సరదాగానే పుడుతుంది. అదే మాట చైనా, కొరియా, వియత్నాం వారికీ వర్తించి 'ఆసియావాసుల సర్వీసు' అనే సాధారణీకరణగా మారినప్పుడు దానిని సిద్ధాంతంగానే పరిశీలించవలసి వస్తుంది. మణికట్టుతో బంతిని తోయడం, రెండవ సర్వీసును భయంభయంగా వేయడం, రాకెట్టును అట్లకాడలా పట్టుకోవడం - ఈ మూడూ లక్షణాలు; సంస్కృతి వాటికి కారణం. ఇదీ ఆ వాదన స్వరూపం.

సాహిత్య పరిశోధకులకు ఈ తర్కం కొత్తది కాదు. మన సిద్ధాంత గ్రంథాలలో 'సాంస్కృతిక నేపథ్యం' అనే అధ్యాయం లేనివి అరుదు. ఆ అధ్యాయంలో పండుగలు, ఆచారాలు, ఆటలు వరుసగా వస్తాయి. తరువాతి అధ్యాయంలోని పాఠంతో వాటికి సంబంధం ఏమిటో చాలాసార్లు తేలదు. నేపథ్యాన్ని చెప్పడమే కారణాన్ని చెప్పడంగా చెల్లిపోతుంది. టెన్నిస్ సర్వీసు వంటి చిన్న విషయంలో ఆ లోపం కంటికి కనిపిస్తుంది గనుక దీనిని ఉదాహరణగా తీసుకున్నాను.

2. అదే చేయి, వేర్వేరు పనులు:

అమలాపురం నుంచి వచ్చిన సాత్విక్‌సాయిరాజ్ రంకిరెడ్డి 2023లో జపాన్‌లో కొట్టిన స్మాష్ గంటకు 565 కిలోమీటర్ల వేగంతో గిన్నిస్ రికార్డుకు ఎక్కింది. వ్యాయామోపాధ్యాయుడైన తండ్రి ఇంట షటిల్ నేర్చిన చేయి అది. అదే చేయి డబుల్స్ ఆటలో సర్వీసు చేసేటప్పుడు బంతిని వల అంచు మీదుగా మెల్లగా జార్చి వదులుతుంది. ఇది బలహీనత కాదు. షటిల్‌లో సర్వీసు కిందినుంచే చేయాలి. 2018 నుంచి బంతి నేలకు 1.15 మీటర్ల ఎత్తు దాటకముందే రాకెట్టు దానిని తాకాలన్న నియమం వచ్చింది. కాస్త ఎత్తుగా పోయిన సర్వీసును ఎదుటివాడు అక్కడికక్కడే కొట్టేస్తాడు. కాబట్టి షటిల్‌లో సర్వీసు ఆత్మరక్షణ. టెన్నిస్‌లో అది దాడి. ఒకే మాట రెండు ఆటల్లో రెండు పనులు చేస్తున్నది. తెలుగులో రెండింటినీ 'సర్వీసు' అనే అంటున్నాం గనుక ఒకదానిలోని మెత్తదనం రెండవదానిలోకి జారిందని ఊహించడం తేలిక.

షటిల్ నిజంగా ఏమి నేర్పుతుందో చూస్తే వాదన తలకిందులవుతుంది. టెన్నిస్ సర్వీసుకు శిక్షకులు సూచించేది కాంటినెంటల్ పట్టు. గొడ్డలిని పట్టుకున్నట్లు రాకెట్టు అంచు ముందుకు ఉండేలా పట్టుకోవడం. షటిల్‌లో మొదట నేర్పే పట్టు దానికి చాలా దగ్గరగా ఉంటుంది. తలపై బంతిని కొట్టేటప్పుడు కాళ్లనుంచి నడుముకు, భుజానికి, ముంజేతికి బలం పాకి చివర ముంజేయి లోపలికి తిరగడం రెండింటిలోనూ ఉంది. బరువుల్లో మాత్రం తేడా పెద్దది: షటిల్ బంతి 5 గ్రాముల చుట్టూ, టెన్నిస్ బంతి 56 నుంచి 59.4 గ్రాములు, రాకెట్టు సుమారు 85 గ్రాములకు బదులు 300. మణికట్టుతో నెట్టే అలవాటు ఈ బరువు దగ్గర చతికిలబడుతుంది, నిజమే. అయినా అట్లకాడ పట్టు షటిల్ ఇచ్చిన వారసత్వమని మాత్రం చెప్పలేము. ఏ ఆటా ఆడకుండా నేరుగా టెన్నిస్‌కు వచ్చినవారు సహజంగా పట్టుకునే తీరు అది; ఏ ఖండంలోనైనా తొలినాళ్ల ఆటగాడు అలాగే పట్టుకుంటాడు.

షటిల్‌లో లేనిది ఒక్కటే: రెండవ చేతితో బంతిని తలపైకి ఎగరేసి, అది ఉండవలసిన చోట ఉన్నప్పుడు కొట్టడం. మన పాఠశాలల్లో ఒకప్పుడు విరివిగా ఆడిన బాల్ బ్యాడ్మింటన్‌లో కూడా అది లేదు. పసుపుపచ్చని ఉన్ని బంతితో జట్టుకు అయిదుగురు ఆడే ఆ ఆటలోనూ సర్వీసు నడుము దిగువనుంచే. ఆ ఆటకు 1970లో అర్జున పురస్కారం తెచ్చిన వరంగల్లు వాసి పిచ్చయ్య పేరు ఈ తరం విద్యార్థులకు తెలియకపోవడం వేరే విషాదం.

ఇక తలపైనుంచి కొట్టే సర్వీసు పాశ్చాత్య సంస్కృతి సహజగుణమా? 1877లో వింబుల్డన్ మొదలైననాటికి ఇంగ్లండులోనే సర్వీసు చాలావరకు ఆటను ఆరంభించే మర్యాద మాత్రమే. కిందినుంచి వేయడం మామూలు. పై సర్వీసు ఆ తరువాతి సంవత్సరాలలో ఆయుధమైంది. ఒక తరం కాలంలో ఇంగ్లీషువారి సంస్కృతి మారిపోలేదు, మారినది ఆట.

వ్యక్తుల ఉదాహరణలూ ఈ సాధారణీకరణను నిలవనీయవు. సానియా మీర్జా బలం ఫోర్‌హ్యాండ్‌లో ఉందనీ సర్వీసులో లేదనీ క్రీడా విలేఖరులు తరచు రాశారు. 1987లో ఉయ్యూరులో పుట్టిన సాకేత్ మైనేనికి సర్వీసే ప్రధానాయుధం. వీరిద్దరూ కలిసి 2014 ఇంచియాన్ ఆసియా క్రీడల మిశ్రమ డబుల్స్‌లో స్వర్ణం గెలిచారు. ఒకే భాషాప్రాంతం, రెండు సర్వీసులు. సాకేత్ ఎత్తు, అమెరికా విశ్వవిద్యాలయంలో పొందిన శిక్షణ ఇక్కడ లెక్కకు వస్తాయి. వాటిలో ఏదీ 'ఆసియా' అన్న మాటలో ఇమడదు. 2011లో ఫ్రెంచ్ ఓపెన్ గెలిచి, సింగిల్స్ గ్రాండ్‌స్లామ్ సాధించిన తొలి ఆసియా క్రీడాకారిణిగా నిలిచిన లీ నా కూడా బాల్యంలో షటిల్‌తోనే మొదలుపెట్టింది.

3. రెండు సెంట్లు, పదహారున్నర సెంట్లు:

మామిడికుదురు మండలంలోని నగరం వంటి ఊరినుంచి చూస్తే ప్రశ్న మరోలా కనిపిస్తుంది. షటిల్ కోర్టు 13.4 మీటర్ల పొడవు, 6.1 మీటర్ల వెడల్పు. అంటే సుమారు 2 సెంట్ల నేల. టెన్నిస్ కోర్టు గీతల వరకే 6.4 సెంట్లు; ఆటగాళ్లు వెనక్కూ పక్కకూ కదలడానికి విడిచే ఖాళీతో కలిపితే 16.5 సెంట్లు. ఎనిమిది మీటర్ల ఎడంతో నాటితే ఎకరాకు అరవై పైచిలుకు కొబ్బరి చెట్లు పడతాయి. ఆ లెక్కన ఒక టెన్నిస్ కోర్టు పది చెట్ల చోటు. వరిచేలు, కొబ్బరితోటలు, కాలువలు పంచుకోగా మిగిలిన నేలలో పది చెట్లు వదులుకునేది ఎవరు? రెండు కొబ్బరి చెట్ల మధ్య వల కట్టుకుంటే షటిల్ సాగుతుంది. ఆరుబయట సముద్రపు గాలికి బంతి పక్కకు కొట్టుకుపోతుంది గనుక ఎత్తుగా కొట్టక తక్కువ ఎత్తులో వేగంగా ఆడడం అలవాటవుతుంది. దీనిని సంస్కృతి అనవచ్చునేమో. నేను భూవినియోగం అంటాను.

సర్వీసు అభ్యాసానికి ఎదుటివాడు అవసరం లేదు. బుట్టెడు బంతులు, ఖాళీ కోర్టు, ఎవరూ తొందరపెట్టని గంట కావాలి. ఔత్సాహికుడికి దొరకనిది సరిగ్గా అదే. ఒక కోర్టు కోసం నలుగురు బయట ఎదురుచూస్తూ ఉంటే వరుసగా రెండు సర్వీసులు తప్పినవాడు మూడవది తోసే వేస్తాడు. ఈ తోపుడు సర్వీసు ఫ్రాన్సులోనూ అమెరికాలోనూ వారాంతపు ఆటగాళ్లలో ఉన్నదే. ఆసియావాసి చేస్తే సంస్కృతి, ఇతరులు చేస్తే అభ్యాసలోపం అనడంలో ఉన్న అసమానతను గుర్తించాలి.

4. విసరడం, ఎగరేయడం:

నేపథ్యం ఏమీ చేయదని నా ప్రతిపాదన కాదు. ఫ్రెంచి సామాజికశాస్త్రవేత్త మార్సెల్ మోస్ 1934లో చేసిన 'శరీర ప్రక్రియలు' ప్రసంగంలో నడక, ఈత, తవ్వడం వంటివి సైతం సమాజం నేర్పేవేనని చూపాడు. మొదటి ప్రపంచయుద్ధంలో ఇంగ్లీషు సైనికులకు ఫ్రెంచి పారలతో తవ్వడం రాలేదన్నది ఆయన ఇచ్చిన ఉదాహరణ. అయితే మోస్ ఎక్కడా ఖండాన్ని కారణంగా చెప్పలేదు. ఎవరు, ఏ పనిముట్టుతో, ఎవరిని చూసి నేర్చారన్నది ఆయన ప్రశ్న. ఈ ప్రక్రియలను వర్గీకరించేటప్పుడు స్త్రీపురుష భేదాన్ని మొదట పెట్టడం గమనించదగ్గది. ఐరిస్ మేరియన్ యంగ్ 1980 నాటి వ్యాసంలో ఆడపిల్లలు బంతి విసిరే తీరును తీసుకొని, అది శరీర నిర్మాణం వల్ల కాక వారిని పెంచిన పరిస్థితి వల్ల వచ్చిన సంకోచమని వాదించింది.

ఈ వెలుగులో మన ఆటలను చూడాలి. టెన్నిస్ సర్వీసు విసరడానికి దగ్గర బంధువు. మామిడికాయలపై రాళ్లు రువ్విన భుజానికి ఆ కదలిక ముందే తెలుసు. గోటీబిళ్ళలో బిళ్ళను తానే లేపి, గాలిలో ఉండగానే తానే కొట్టాలి. సర్వీసు కోరే సమయజ్ఞానం అదే. అంటే మన నేపథ్యంలో సర్వీసుకు పనికివచ్చేది లేకపోలేదు; వాదన చేసేవారు దానిని ఏరుకోలేదు. కాకపోతే అది ఊళ్లో అందరికీ సమానంగా అందలేదు. నగరంలో నా చిన్నప్పుడు రాయి విసిరితే మగపిల్లవాడికి కాయ దొరికేది, ఆడపిల్లకు తిట్లు దొరికేవి.

ఆడపిల్లలకు మిగిలినవి అరుగుమీది ఆటలు. వాటిలో అచ్చనగాయలను గమనించండి. ఒక కాయను నిటారుగా, చుట్టు తిరగకుండా, ప్రతిసారీ అదే ఎత్తుకు ఎగరేసి, అది దిగేలోపు కిందివి ఏరుకొని పట్టుకోవాలి. టెన్నిస్ శిక్షకుడు కొత్తవారికి గంటలకొద్దీ చెప్పేది బంతిని ఎగరేయడం గురించే: వేళ్లు బిగించకు, చేతిని మెల్లగా లేపు, ప్రతిసారీ ఒకే చోటికి వెయ్యి. సర్వీసులో కుడిచేయి చేయవలసిన పనిని మన ఊరు మగపిల్లలకు నేర్పింది, ఎడమచేతికి కావలసిన నేర్పును ఆడపిల్లలకు ఇచ్చింది. రెండూ ఒకే శరీరానికి అందిన సందర్భాలు ఎన్ని, అవి ఏ ఇళ్లలో, ఏ బళ్లలో జరిగాయి అన్నవి క్షేత్రపర్యటన ద్వారా వెదకవలసిన ప్రశ్నలు. అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాల వ్యాయామోపాధ్యాయుల జ్ఞాపకాలతో ఆ పని మొదలుపెట్టవచ్చు.